పాలు పొంగించిన చెయ్యి

మా పాత ఇంటి ఓనరమ్మ పోయింది. పోయిన వారం ఒక పొద్దున వాళ్లబ్బాయి ఫోన్ చేసి, “అక్కా, అమ్మ పోయింది. నిద్రలనే పోయింది. మీకు చెప్పకపోతే నాకు మంచిగనిపియ్యలే” అన్నాడు. అప్పటికి మా ఆయన తను పనిచేసే స్కూల్ క్యాంటీన్‌కు బయల్దేరి గేటు తీస్తున్నాడు. విషయం చెప్పాను. కాసేపు గేటు పట్టుకుని నిలబడి, క్యాంటీన్‌కు ఫోన్ చేసి ఈ పూట రానని చెప్పాడు. ఇద్దరం కూకట్‌పల్లి నుంచి ఫిల్మ్ నగర్‌కు బండి మీద బయల్దేరాం.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాక దారి తెలుస్తోంది గానీ గుర్తులు తెలియలేదు. మేం ఉన్నప్పటి హోటళ్లలో ఒక్కటీ లేదు. కాఫీ షాపు ఉన్నచోట బట్టల షోరూం వచ్చింది. బార్ ఉన్నచోట పళ్ల డాక్టరు, పళ్ల డాక్టరు ఉన్నచోట బార్. వెనక కూర్చుని నేను బోర్డులు చదువుతుంటే మా ఆయన, “ఓనరమ్మ ఉంటే ఏది ఏమైందో చెప్పేది” అన్నాడు. అక్కడిదాకా ఏడవనిదాన్ని అక్కడ ఏడ్చాను.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. “నా పేరు కరెంటు బిల్లు మీదనే ఉంటది బిడ్డా, పిలిచేటోళ్లెవ్వలు లేరు” అని ఆమే అనేది. కిరాయికి ఉన్నవాళ్లకు ఓనరమ్మ. గల్లీలో వాళ్లకు లారీ అన్న భార్య. వాళ్లాయన సినిమా సెట్ల సామాను మోసే లారీ నడిపేవాడు. ఆ గుట్ట మీద బండరాళ్లు తప్ప ఏమీ లేనప్పుడే వచ్చి ఇల్లు కట్టుకున్న మనుషులు. మేం ఏలూరు నుంచి వచ్చి వాళ్ల పై వాటాలో దిగాం. మా ఆయన షూటింగులకు వంట చేసేవాడు. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని.

ఆ రోజుల్లో మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తుంటే, వాటిలో పనిచేసేవాళ్ల జీతాలు ఖర్చు పెట్టించే మేడలు జూబ్లీహిల్స్‌లో లేచాయి. సినిమాలో నాలుగు డబ్బులు చూసినవాళ్లు, భూములు అమ్మినవాళ్లు, ఉద్యోగం విసుగెత్తినవాళ్లు, ఎవరిని కదిలించినా ఒక రెస్టారెంట్ పెడతామనేవాళ్లే. కొత్త రుచులని ఆర్భాటంగా తెరిచేవారు. ఏడాది తిరక్కుండానే లోపలి నుంచి అద్దాలకు పాత పేపర్లు అంటించి ఉండేవి. ఫిల్మ్ నగర్‌లో ఎవరూ హోటల్ నడిచింది అనరు, ఆడింది అంటారు. మూసేశారు అనరు, ఎత్తేశారు అంటారు.

ఇలా తెరిచే హోటళ్లలో చాలావాటికి పాలు పొంగించింది మా ఓనరమ్మే. ఇది ఎలా మొదలైందో ఒకసారి అడిగాను. స్టూడియో పక్కన ఎవరో మెస్ పెడుతున్న రోజున యజమాని భార్యకు జ్వరం వచ్చిందట. ముహూర్తం దాటిపోతుందని పక్కింట్లో ఉన్న ఈమెను పిలిచి పొయ్యి వెలిగించి పాలు పొంగించమన్నారు. ఆ మెస్ విపరీతంగా ఆడింది. అందులో తిని సినిమా మొదలుపెట్టిన ఒక నిర్మాత సినిమా కూడా ఆడింది. ఇంకేముంది, సినిమా వాళ్లకు సెంటిమెంట్ పట్టుకుంది. ఆమె చెయ్యి మంచిదని ఆ నోటా ఈ నోటా పాకింది. మామూలు మెస్సుల వాళ్లే గాక, నోరు తిరగని పేర్లున్న రెస్టారెంట్ల వాళ్లు కూడా కారు పంపి తీసుకెళ్లేవారు.

ఆ పనికి ఆమె ఒక్క రూపాయి పుచ్చుకునేది కాదు. తాంబూలంలో జాకెట్ గుడ్డ పెడితే తెచ్చుకునేది. వాళ్ల బీరువా నిండా జాకెట్ గుడ్డలే ఉండేవి. కిరాయికి దిగిన ఆడవాళ్లందరికీ తలా ఒకటి ఇచ్చేది. నాకిచ్చింది చిలకపచ్చది, నేను ఏ చీర మీదకూ వేసుకోలేని రంగు.

రోడ్ నంబర్ 36లో ఒక పెద్ద రెస్టారెంట్‌కు నన్నూ తోడు తీసుకెళ్లింది. ముంబయి నుంచి వచ్చిన చెఫ్, పొడుగు టోపీ పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. పాలు గిన్నె అంచుదాకా రాగానే అతను చెయ్యి చాపి మంట తగ్గించాడు. ఓనరమ్మ మళ్లీ పెంచింది. పాలు లేచాయి. అతను మళ్లీ తగ్గించాడు. పాపం అతని తప్పేముంది, పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ ఊరుకునే వంటవాడు ఉంటాడా? అక్కడున్న పెద్దవాళ్లెవరూ నోరెత్తలేదు, పురోహితుడు వాచీ చూసుకుంటున్నాడు. చివరికి ఓనరమ్మ అతని చెయ్యి మెల్లగా పట్టుకుని, “గిర్నే దో బాబా, గిరానేకిచ్ రఖే” అంది. కారనీ, కారడానికే పెట్టామని. పాలు పొంగి కొత్త స్టవ్వు నిండా పారాయి. చెఫ్ మొహం చూడాల్సిందే. ఇంటికొచ్చేదాకా కారులో నవ్వుతూనే ఉన్నాం.

బార్లకు కూడా వెళ్లేది. గల్లీలో దీని మీద గుసగుసలు ఉండేవి. వాళ్లాయనే ఏడిపించేవాడు. “పొద్దుగాల్నే బారుకు పోయే ఆడమనిషిని మా ఇంట్లనే చూసిన” అని మా ఆయనతో చెప్పి నవ్వేవాడు. ఆమె ఏ మాత్రం తగ్గేది కాదు. “తాటిచెట్టు కింద కూసోని పాలు తాగినా కల్లే అంటరు. అనేటోళ్లు ఎట్లున్నా అంటరు. నేనైతే పాలే పొంగిస్తున్న గదా” అనేది.

తన చెయ్యి మంచిదని ఆమె నమ్మిందా అంటే, నమ్మలేదనే చెప్పాలి. ఒకసారి నేనే అడిగాను, “ఆంటీ, మీరు పొంగించినవి కూడా మూసేస్తున్నారు కదా?” అని. బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండా, “పాలు పొంగుడే నా చేతుల ఉన్నది బిడ్డా. కిరాయి పొంగుడు నా చేతుల లేదు” అంది. ఆ పని ఆమెకు ఇష్టం, అంతే. పొద్దున్నే తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, ఎవరో తన కోసం ఎదురుచూస్తున్న చోటికి వెళ్లడం ఇష్టం. ఇందులో దాచుకోవాల్సిందేముంది?

అయితే నన్ను ఆమె వైపు తిప్పింది ఇదొక్కటే కాదు. హోటల్ ఎత్తేస్తున్నారని తెలిస్తే, పిలవకపోయినా ఆ చివరి రోజు వెళ్లేది. మామూలు గిరాకీలాగా కూర్చుని, మిగిలిందేదో పెట్టమని తిని, యజమానితో రెండు మాటలు మాట్లాడి వచ్చేది. ఓపెనింగ్‌కు వచ్చిన వందమందిలో ఆ రోజు ఇంకొకరు ఉండేవారు కాదు. ఎందుకు వెళ్తారని అడిగితే, “పెండ్లికి పిలిస్తే పోవాలె, సావుకు పిల్వకున్నా పోవాలె. పొయ్యి ముట్టిచ్చినదాన్ని, ఆర్పేటప్పుడు మొహం సాటేస్తె ఎట్ల?” అంది. నష్టపోయిన మనిషి ఎదురుగా కూర్చోవడం ఎంత కష్టమో ఆ తర్వాత మా సొంత అనుభవంలో తెలిసింది.

మేం దిగిన కొన్నేళ్లకు వాళ్లాయన గుండెపోటుతో పోయాడు. పన్నెండో రోజు అయ్యాక ఒక మధ్యాహ్నం, కొత్తగా తెరవబోతున్న రెస్టారెంట్ మేనేజర్ వచ్చాడు. వాళ్లు ఆమెను అంతకు ముందే పిలిచి ఉన్నారు. వరండాలో కూర్చుని మంచినీళ్లు తాగి, ఎండల గురించి మాట్లాడి, మళ్లీ మంచినీళ్లు అడిగాడు. చెప్పలేక నలిగిపోతున్నాడు. మెట్ల మీద నేనున్నాను, నాకే అర్థమైంది, ఆమెకు కాదా? ఆమే అందుకుంది. “మీ ఇంట్ల ముత్తైదువలు ఉన్నరు గదా బాబూ, వాళ్లతోని పొంగియ్యి. పాలు అడుగంటకుంట చూస్కోండ్రి.” అతను బతుకు జీవుడా అన్నట్టు లేచి, “మీ ఆశీర్వాదం ఉంటే చాలమ్మా” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత ఒక్కరూ పిలవలేదు. వాళ్లంతా చెడ్డవాళ్లని అనను. పెట్టుబడి పెట్టేవాడికి భయం ఉంటుంది, భయం ఉన్నవాడికి పంచాంగం ఉంటుంది. కానీ మొగుడు పోయిన మాత్రాన ఒక మనిషి చెయ్యి రాత్రికి రాత్రే ఎలా మారిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కొత్త హోటల్ ముందు పూలదండలు కడుతుంటే ఆమె ఆటోలో ఆ రోడ్డు తప్పించి వేరే దారిన పొమ్మనేది. మూసేసే చోట్లకు మాత్రం వెళ్లడం మానలేదు. అక్కడ పిలుపు అక్కర్లేదు మరి.

రెండేళ్లకు మేమే హోటల్ పెట్టాం. ఫిల్మ్ నగర్ రోడ్డు మీద ఒక షట్టర్ కిరాయికి తీసుకుని, మా గోదావరి వైపు భోజనం. మా ఆయనకు అది చిన్నప్పటి కోరిక. మేం క్రైస్తవులం. పాస్టర్ గారిని పిలిచి ప్రార్థన పెట్టుకోవడం మా పద్ధతి. అయినా ఇద్దరం ఒకే మాట అనుకుని కిందికి వెళ్లి, “ఆంటీ, పొయ్యి మీరే వెలిగించాలండి. పాలు మీరే పొంగించాలి” అన్నాం.

ఆమె వెంటనే, “వద్దు బిడ్డా” అంది.

“మాకు అలాంటి పట్టింపులు లేవు కదండీ.”

“మీకు లేవు. నాకు తెల్వదా?”

“మా దేవుడికి కూడా లేవు” అన్నాడు మా ఆయన.

“మీ దేవునికి లేకపోవచ్చు. మీ గిరాకీలకు ఉంటది. రేపు హోటల్ నడవకపోతే నలుగురు నన్నే అంటరు. మీరు అనరు, నాకు ఎరుకే. కానీ ఎవ్వలో ఒకలు మీ చెవుల ఏస్తరు. అప్పుడు మీరు నా ఇంట్ల కిరాయికెట్లుంటరు?”

ఎంత బతిమాలినా వినలేదు. ప్రార్థనకు మాత్రం వచ్చింది. నెత్తి మీద కొంగు కప్పుకుని వెనక కుర్చీలో కూర్చుంది. అందరూ ఆమేన్ అన్నాక, ఒక్క క్షణం ఆగి తనూ అంది. అన్నం తిని, చేపల పులుసు బాగుందని చెప్పి వెళ్లిపోయింది. వంటగది గడప మాత్రం తొక్కలేదు. ఆ తర్వాత మధ్యాహ్నాలు అప్పుడప్పుడూ వచ్చేది. గల్లా దగ్గర నాతో మాట్లాడుతూ కూర్చునేది. మా ఆయన లోపలి నుంచి, “రండాంటీ, పులుసులో ఉప్పు చూడండి” అని పిలిస్తే, గిన్నెలో పోసి ఇక్కడికే తెమ్మనేది.

మా హోటల్ బాగానే ఆడింది. అసిస్టెంట్ డైరెక్టర్లు, లైట్‌మెన్‌లు, శనివారాలు మాదాపూర్ పిల్లలు వచ్చేవారు. కానీ ఆ కింది అంతస్తు మొత్తం కావాలని ఎవరో పబ్ వాళ్లు వచ్చి బిల్డింగ్ యజమానితో మాట్లాడుకున్నారు. వాళ్లిస్తామన్న కిరాయి మేం ఇచ్చేదానికి ఎన్నో రెట్లు. ఖాళీ చేయమన్నాడు. వేరేచోట చూశాం, దొరకలేదు. మా ఆయన కొన్ని రోజులు సరిగ్గా తినలేదు.

చివరి రోజు భోజనాలయ్యాయి. పనివాళ్లు మమ్మల్ని పట్టుకుని ఏడ్చి వెళ్లిపోయారు. మేమిద్దరమే మిగిలాం. పాత హోటల్ సామాను కొనే అతను సాయంత్రం వస్తానన్నాడు. గిన్నెలు కడిగి బోర్లిస్తుండగా ఓనరమ్మ వచ్చింది. వస్తుందని మాకు తెలుసు. ఆమె కోసం కొంచెం అన్నం, పప్పుచారు, వేయించిన వంకాయ ఉంచాం. తిన్నది. చెయ్యి కడుక్కుంది. తర్వాత సంచిలోంచి ఇత్తడి గిన్నె, పాల ప్యాకెట్ తీసి, నేరుగా వంటగదిలోకి నడిచింది. ఆ గడప దాటడం అదే మొదలు.

“గ్యాస్ ఉన్నదా?” అని అడిగింది.

“ఉందాంటీ. టీ పెట్టనా?”

“టీ గాదు. జర పక్కకు జరుగు.”

కాగితం పొట్లంలోంచి పసుపు తీసి పొయ్యికి రాసింది. కుంకుమ బొట్టు పెట్టింది. మా ఆయనకు నాకంటే ముందు అర్థమైంది. ప్రార్థనలో నిలబడినట్టు చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. నేనే ఉండబట్టలేక, “ఆంటీ, మూసేస్తున్నాం కదా. ఇప్పుడెందుకు?” అన్నాను.

“గందుకే. మూసేసే కాడ అపశకునం అనేటోడు ఎవ్వడు? ఇంతకన్న ఏం మునుగుతది?”

మేం నవ్వాం. ఆ వారంలో మా ఆయన నవ్వడం అదే మొదటిసారి. పాలు కాగుతున్నంతసేపు ఆమె గిన్నె మీద నుంచి చూపు తిప్పలేదు. పెదవులు కదులుతున్నాయి. పాలు లేచి, అంచు దాటి, నాలుగు వైపులా పొంగి, బర్నర్ మీద పడి చుర్రుమన్నాయి. పొయ్యి ముందు భాగం మీదుగా చారలుగా కిందికి జారాయి. పొయ్యి కట్టేసి, నేను అలవాటుకొద్దీ గుడ్డ అందుకున్నాను.

“తుడువకు” అంది.

“సామానతను వస్తాడాంటీ, ఇలా ఉంటే ఏమంటాడో.”

“ఈ పొయ్యి ఏడికి పోతది?”

“అతని గోడౌన్‌కి.”

“ఆడికెల్లి?”

“ఎవరో కొత్త హోటల్ వాళ్లు కొంటారు.”

“కొంటరు గదా. వాళ్లు ముత్తైదువను పిలుస్తరు, ముహూర్తం పెడ్తరు, పాలు పొంగిస్తరు. పొంగియ్యని. బోణీ అయితే నేను చేసిన. వాళ్లకు తెల్వది. తెల్వకపోతే వద్దనరు.” గిన్నె చెవులు కొంగుతో పట్టుకుని దించుతూ అంది, “నన్ను పక్కకు పెట్టిండ్రు బిడ్డా. నాకు మస్తు బాధయ్యింది. ఎవ్వలకు చెప్పలే.”

మిగిలిన పాలలో చక్కెర వేసి టీ గ్లాసుల్లో పోసింది. ముగ్గురం నిలబడే తాగాం. కొంచెం అడుగంటిన వాసన వచ్చింది. ఆమె గుర్తుపట్టి, “గ్యాస్ ఎక్కువైంది” అంది, అంతే.

ఆ తర్వాత ఇంకా ఎన్నిచోట్ల అలా చేసిందో నాకు తెలియదు. మేం కూకట్‌పల్లికి మారాక ఫోన్‌లో మాట్లాడేటప్పుడు పిల్లల సంగతి, మోకాళ్ల నొప్పి సంగతి అయ్యాక, “ఇయ్యాల ఒకటి పంపిన” అనేది. ఏ హోటలో చెప్పేది కాదు, నేనూ అడిగేదాన్ని కాదు. ఆ మాట అనేటప్పుడు గొంతులో ఉత్సాహం నాకు తెలిసేది. మాకు మాత్రం ఆమె చేసిన మేలు వేరే ఉంది. మా ఆయన ఆ సాయంత్రం తర్వాత మళ్లీ అన్నం తిన్నాడు, మళ్లీ గరిటె పట్టుకున్నాడు. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాం.

ఆ సాయంత్రం సామానతను ఇద్దరు మనుషులతో వచ్చాడు. ఒకతను పొయ్యి మీది పాలు చూసి గుడ్డ తీయబోతే ఓనరమ్మ, “ముట్టకు. కొన్నోళ్లు తుడుసుకుంటరు” అంది. అతను సామాను కొన్న తన యజమాని వైపు చూశాడు. ఆయన, “పాలే గదా, పోనీ” అన్నాడు. పొయ్యిని బయటికి మోసి, ట్రాలీ ఆటోలో పెట్టి, తాళ్లతో కట్టారు. మా ఆయన షట్టర్ దించాడు. ఆటో ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కి జూబ్లీహిల్స్ వైపు కదిలింది. ఓనరమ్మ రోడ్డు అంచున, గిన్నె దించాక నడుముకు దోపుకున్న కొంగు దించుకోవడం కూడా మరిచిపోయి నిలబడింది. పొయ్యి మొహం మా వైపే ఉంది. మొదట దాని మధ్యలో ఉన్న ఎర్రబొట్టు కనపడింది, తర్వాత దాని కింద ఎండుతున్న తెల్లటి చార ఒక్కటే కనపడింది, తర్వాత మలుపు దగ్గర అడ్డంగా వచ్చిన షూటింగ్ వ్యాన్ వెనక ఆటో కనపడకుండా పోయింది.